తినే వచ్చిన

ఫ్యాను తిరుగుతూనే ఉంది. ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. కంప్యూటరు మాత్రం టప్పున ఆరిపోయింది.

"మళ్ళీనా?" నిర్మలాదేవి మడతపెడుతున్న చీరని మంచం మీద పడేసి హాల్లోకి వచ్చింది. "ఏం నొక్కావే పూలీ?"

"ఏం ఒత్తలే ఆంటీ." పూలి రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"టైపు చేసిందంతా పోయిందా?"

"లేదాంటీ. ఇప్పుడే సేవ్ కొట్టిన."

అదొక్కటే అదృష్టం. అయినా నిర్మలాదేవికి ఒళ్ళు మండింది. పూలి మీద కాదు, ఆ తెల్ల డబ్బా మీద. వచ్చే సోమవారం ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీ వాళ్ళు కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగానికి పరీక్ష పెడుతున్నారు. మణుగూరు మొత్తమ్మీద పూలి చెయ్యి తిప్పుకోవడానికి దొరికిన కంప్యూటరు ఈ కాలనీ క్వార్టర్లో ఉన్న ఇదొక్కటే. పొద్దున్నే తండాలో బయల్దేరి, టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి, అట్నుంచటే నడిచి ఇక్కడికి వస్తుంది పిల్ల. కాస్త వేళ్ళు సాగుతున్నాయనుకునేసరికి ఇది కన్ను మూస్తుంది.

వంటింట్లోంచి అత్తగారు పద్మావతమ్మ వచ్చింది. ఇంట్లో ఉన్నవి రెండే బీరువాలు. ఆవిడ బొడ్లో వేలాడే తాళాల గుత్తి మాత్రం, మార్కెట్ యార్డు గోడౌన్లన్నీ ఆవిడవే అన్నట్టు మోగుతూ ఉంటుంది.

"పోతే పోయిందిలే. కాసేపు దాన్ని చల్లబడనీ. అన్నం తిన్నావా పూలీ?"

"తినే వచ్చిన అమ్మమ్మా."

"సరే, ఈలోగా వచ్చి చిక్కుడుకాయలకి ఈనెలు తీసిపెట్టు."

పూలి వెంటనే లేచింది. పని చెబితే కాదనదు, తినమంటే ఔననదు. రోజూ అదే మాట, తినే వచ్చిన అని. వంటింట్లో ఏం జరుగుతుందో నిర్మలాదేవికి తెలుసు. ఉప్పు సరిపోయిందో లేదో చూడమని మొదలై, పెరుగన్నం దాకా సాగుతుంది.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన భర్త వెంకటరామారావు, చొక్కా కూడా విప్పకుండా బల్ల కిందికి దూరాడు. స్టెబిలైజరు తడిమి చూశాడు. హాల్లో ప్లగ్గులు వదులని కంప్యూటరు వైరు వంటింట్లోకి లాగారు కదా, అక్కడికీ వెళ్ళాడు. ప్లగ్గు గట్టిగానే ఉంది, స్విచ్చి వేసే ఉంది. కంప్యూటరు పెడితే భోజనాల వేళ దాకా ఆగకుండా పనిచేసింది.

"దీనికి రోగం లేదు. నీకూ పూలికీ చేతకావడం లేదు," అని తేల్చేశాడు.

మర్నాడు ఖమ్మం నుంచి మెకానిక్ వచ్చాడు. డబ్బా విప్పి దుమ్ము దులిపాడు, లోపలి ఫ్యాను తిప్పి చూశాడు, ఎందుకైనా మంచిదని పవర్ సప్లయి మార్చాడు. ఆయన ఉన్నంతసేపూ అది పెళ్ళిచూపుల్లో కూర్చున్నంత బుద్ధిగా ఉంది. ఆయన బస్సెక్కాడు. పూలి వచ్చి కూర్చుంది. ఆరిపోయింది.

"ఇంక లాభం లేదు," అంది నిర్మలాదేవి. "రేపు దీన్ని ఖమ్మం పంపించేస్తాం. బాగై వచ్చేసరికి పది పదిహేను రోజులు పడుతుందట."

పూలి ముఖం వాడిపోయింది. "పరీక్ష సోమవారమే ఆంటీ. గిట్లనే ఉండనియ్యుండ్రి. ఆగితే ఆగనియ్యుండ్రి, నేను సేవ్ చేసుకుంటనే ఉంట."

"పిల్ల పరీక్ష అయ్యేదాకా దాన్ని కదపడానికి వీల్లేదు," అంది పద్మావతమ్మ గుమ్మంలోంచి. "పూలీ, గోంగూర తెచ్చాను. రా, ఆకు కోద్దువుగాని."

అత్తగారి మాటే నెగ్గింది. సోమవారం దాకా కంప్యూటరు రోజుకోసారి ఆరిపోతూనే ఉంది.

ఆ తర్వాతి వారం పూలి బూందీ పొట్లంతో గుమ్మంలో నిలబడింది. చెప్పకముందే ముఖం చెప్పేస్తోంది.

"ఉద్యోగం వచ్చింది ఆంటీ. మీ ఇల్లు లేకుంటే నాకు ఈ నౌకరి లేదు. బతికినన్నొద్దులు మరువ."

నిర్మలాదేవికి కళ్ళు చెమర్చాయి. పిల్లని దగ్గరికి తీసుకుంది. వంటింట్లోంచి పద్మావతమ్మ అలవాటుగా అడిగింది, "అన్నం తిన్నావా పూలీ?"

"తినలే అమ్మమ్మా. పెట్టు."

పద్మావతమ్మ ఓ క్షణం నమ్మలేనట్టు చూసి, గబగబా కంచం కడిగింది. పూలి వెళ్ళి ఆవిడ పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"పరీక్ష తేలిగ్గా ఇచ్చారా?" అడుగుతూ నిర్మలాదేవీ వెనకే వచ్చింది.

"యాడిది ఆంటీ. సగంల కరెంటు వోయింది. అందరు టైపు కొట్టింది పోయింది. మళ్ళ టైం ఇయ్యలే, ఎవరిది ఎంత మిగిలితే అంతే చూస్తమన్నరు. నా ఒక్కదానిదే మొత్తం ఉన్నది."

"అంత సరిగ్గా ఎలా సేవ్ చేశావే?"

"కరెంటు కోత టైమయిందని జనరేటర్ రూం తీసేటందుకు వాచ్‌మన్ నా యెనక నుంచి పోయిండు. ఆయన తాళాల గుత్తి గలగలమన్నది. నా చెయ్యి దానంతటదే సేవ్ కొట్టింది."

నిర్మలాదేవికి అర్థం కాలేదు. "తాళాలు మోగితే సేవ్ కొట్టడమేంటే?"

అన్నం వడ్డిస్తున్న పద్మావతమ్మ చెయ్యి ఆగిపోయింది. పూలి ఆవిడ వంక చూసి నవ్వింది.

"మీ ఇంట్ల అలవాటయింది ఆంటీ. వంటింట్ల గుత్తి గలగలమంటే కంప్యూటర్ బందయితది, అమ్మమ్మ అన్నం పెడతది."