ఆరడుగుల పునాది

"ఆ మూల తవ్వకండి బాబూ!"

గుంత గట్టున నిలబడి ముసలావిడ అరిచింది.

ఇంజినీరు విసుగ్గా తలెత్తాడు. మూడు రోజులుగా ఇదే వరస.

అది నూట యాభై ఏళ్ల గ్రంథాలయం. గోడలు కుంగుతున్నాయి. పునాది కింద కొంచెం కొంచెంగా తవ్వి, కాంక్రీటు పోసి, దాన్ని ఇంకా లోతుకు దించాలి. మూడు మూలలు ముచ్చటగా పూర్తయ్యాయి. నాలుగోదీ అయిపోతే ఇంజినీరుకు ఇక తిరుగులేదు.

"ఎందుకు తవ్వకూడదు మామ్మగారూ?"

"అక్కడ పునాది అంత లోతు లేదేమోనని..."

"లేదేమో అంటే పనులాగుతాయా? పటంలో ఆరడుగులని రాసుంది."

"రాసినవాళ్లు మనుషులే కదా నాయనా. ముందు చిన్న గుంత తీసి చూడు. ఒక్క పూట పని."

"ఒక్క పూటా! ఎల్లుండి పైవాళ్లొస్తున్నారు."

మేస్త్రి నసిగాడు. "చూస్తే పోయేదేముంది సార్?"

"నలభై ఏళ్ల కిందట చీఫ్ ఇంజినీరు సంతకం పెట్టిన పటమయ్యా ఇది. ఆయనకంటే ఈవిడకి ఎక్కువ తెలుసా?"

ఆవిడ ఏదో చెప్పబోయి, నోరు మూసుకుంది.

"ఇంటికెళ్లి కృష్ణా రామా అనుకోండి మామ్మగారూ."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మన ఇంజినీరు. ఆరడుగుల ధైర్యంతో మెషీను పెట్టి, గోడ పొడవునా ఒకేసారి తవ్వించాడు.

నాలుగడుగులు దిగిందో లేదో, పైనుంచి సున్నం రాలింది.

మేస్త్రి కేకేసి, డ్రైవర్ని చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. ఇద్దరూ పది అడుగులు పరిగెత్తారో లేదో, మూల మొత్తం కూలింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

దుమ్ము తగ్గాక చూస్తే అక్కడ పునాది రెండడుగులే.

ఇంజినీరుకు తల తీసేసినట్లయింది. గట్టు దగ్గరికి నడిచి వచ్చాడు. ముసలావిడ అక్కడే ఉంది.

"తప్పయిపోయింది మామ్మగారూ. మీకెలా తెలిసింది?"

"తెలియదు నాయనా. అనుమానం, అంతే."

"అంత అనుమానం ఎందుకొచ్చింది?"

ఆవిడ రాలిన ఇటుకల వైపు చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"మొదటి రోజే చెప్పాల్సింది, సిగ్గేసింది. చీఫ్ గారు నన్ను నమ్మి సంతకం పెట్టారు. మూడు మూలలూ ఆరడుగులే ఉన్నాయి, నాలుగోది ఎక్కడికి పోతుందిలే అని, కొలవకుండానే ఆ పటంలో ఆరు వేసింది నేనే."