బాణం మొన

ఆసుపత్రి కంప్యూటర్లో బాణం గుర్తు కనబడలేదు. తమ్ముడికి ముచ్చెమటలు పోశాయి.

ఇంట్లో తన కంప్యూటర్ మీద లక్షణంగా పనిచేసిన ప్రోగ్రామే అది. అన్న చూపుడువేలికి తీగ కడితే, వేలు ఆవగింజంత కదిలినా తెరమీద కర్సర్ బాణం కదులుతుంది. ఒకవైపు 'అవును', రెండోవైపు 'కాదు'. నాలుగు నెలలుగా మాటా పలుకూ లేకుండా, యంత్రంతో ఊపిరి తీసుకుంటున్న మనిషికి అంతకన్నా వేరే దారి లేదు. యంత్రాలు ఉంచాలో తీసేయాలో ఆయన్నే అడుగుదామన్నాడు డాక్టర్.

"ఏమైంది?" అంది వదిన.

"ఇక్కడి సిస్టమ్ వేరు వదినా. మనింట్లో బాణానికున్న పేరు దీనికి తెలీదు. బొమ్మ నేనే గీసి పెడతా."

గీశాడు. బొమ్మొక్కటే చాలదు, దాని మొన ఎక్కడుందో కూడా చెప్పాలి. ఆ లెక్క ఒక్కో సిస్టమ్‌లో ఒక్కోలా ఉంటుంది; తప్పితే బాణం ఒక పక్కకి లాగేస్తుంది. డాక్టరేమో గడియారం చూసుకుంటున్నాడు. ఉజ్జాయింపుగా ఏదో అంకె వేశాడు. బాణం కనబడింది. హమ్మయ్య అనుకుని అన్న వేలికి తీగ కట్టాడు.

వదిన మంచం పక్కన కూర్చుంది.

"నేనెవరో తెలుస్తోందా?"

బాణం మెల్లగా జరిగి 'అవును' మీద ఆగింది. వదిన భోరుమంది.

"నొప్పిగా ఉందా?"

అవును.

"బాగా ఉందా?"

అవును.

"పెళ్లయిన ఇరవై ఏళ్లలో నేనడిగినదానికి వరసగా మూడుసార్లు అవునన్నది ఇవాళేనండీ" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

డాక్టర్ ముందుకు వంగాడు. "ఈ యంత్రాలు తీసేయమంటారా?"

అవును.

వదిన మళ్లీ అడిగింది. మర్నాడు ఇంకోసారి అడిగింది. అదే జవాబు.

"ఆయన మాట ఆయనే చెప్పుకోగలిగారు బాబూ, నీ పుణ్యమా అని" అంటూ యంత్రాలు తీసేయమనే కాగితం మీద సంతకం పెట్టింది. అంత దుఃఖంలోనూ తమ్ముడికి కాస్త గర్వంగా అనిపించింది.

పదిరోజులు పోయాక, ఇంకో రోగిని కూడా అదే ప్రశ్న అడగాలని డాక్టర్ కబురు పెట్టాడు. తమ్ముడు వెళ్లాడు. అదే గది, అదే కంప్యూటర్. మంచం మీద దుప్పటి మార్చారు. రోగిని ఇంకా తీసుకురాలేదు. ప్రోగ్రామ్ తెరిచి, చిక్కుపడ్డ తీగను విడదీస్తూ కూర్చున్నాడు.

ఆ తీగను ఇంకా కంప్యూటర్‌కి తగిలించకముందే, అది అతని చేతిలో ఉండగానే, తెరమీద బాణం మెల్లగా జరిగి 'అవును' మీద ఆగింది.