అన్నం మానేసిన వారం

"ఆ గడ కింద పడెయ్! చక్కెర జబ్బువాడివి, చెరకు నములుతావా?"

కోత మధ్యలో నా మొగుడు క్రిస్పిన్ చేతిలోంచి గడ లాక్కున్నాను. ఫిలిప్పీన్స్‌లో మా నీగ్రోస్ దీవి నిండా దొరల చెరకే. కోసేవాళ్ల ఒంట్లో మాత్రం చక్కెర జబ్బు. ఇదెక్కడి న్యాయం?

డాక్టరమ్మ అన్నం మానమంది. బదులుగా రోజూ మాంసం తినమనే సలహాలు దొరలకు చెప్పుకోండి. మాకున్నవి కందులు. వారం నుంచి పచ్చి పనస ముక్కలేసి అవే ఉడికించి పెడుతున్నాను. పొద్దున పొడుచుకునే ఇన్సులిన్ మాత్రం ఎప్పటంతే.

"ఇందాయ్, ఇటివ్వు." నన్నెప్పుడూ ముద్దుగా అలాగే పిలుస్తాడు. అతని చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి.

"ఏం, కందులు చేదయ్యాయా దొరగారికి?"

మోకాళ్ల మీద కూలబడ్డాడు.

హడలిపోయి సంచిలోంచి మీటరు తీసి వేలు పొడిచాను. నలభై రెండు. చక్కెర పెరగలేదు, ప్రాణం తీసేంతగా పడిపోయింది! గడను కత్తితో చితక్కొట్టి రసం నోట్లో పిండాను. మెల్లగా మింగాడు.

కోత మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. "పట్టపగలే దొంగతనమా!"

క్రిస్పిన్ కళ్లు తెరిచాడు. "కందుల తప్పు కాదు ఇందాయ్. అన్నం మానితే ఇన్సులిన్ తగ్గించాలట. ఎంత తగ్గించాలో చూసి చెప్తాను, మూడోరోజే రమ్మంది డాక్టరమ్మ."

"మరి పోలేదేం, చావడానికా?"

"సెలవడిగాను." మేస్త్రీ వైపు చూశాడు. "కోత అయ్యేదాకా నీకు రోగం లేదు పో, అన్నాడు."

నేను మేస్త్రీ కళ్లముందే ఇంకో గడ నరికాను.