ఛాతీ ఫోటో

"మీ ఆయన పొగ తాగుతాడా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఆయన పొగ తాగడండీ. పొగే ఆయన్ని తాగుతోంది," అంది ఆమె. "చెత్త యార్డులో పని. ఎప్పుడు చూసినా ఏదో ఒక గుట్ట రగులుతూనే ఉంటుంది. ఇంటికొచ్చి స్నానం చేస్తే నీళ్లు నల్లగా పోతాయి."

పక్క కుర్చీలో ఆమె భర్త తల వంచుకుని కూర్చున్నాడు.

అది మున్సిపాలిటీ ఆఫీసు వెనక గది. నిన్నమొన్నటి దాకా విరిగిన కుర్చీలూ, మాడిపోయిన ట్యూబులైట్లూ పడేసేవాళ్లు. ఈ మధ్యే సున్నం కొట్టించి, ఓ బల్లా, ఓ పరదా పెట్టి, గుమ్మం మీద 'సిబ్బంది ఆరోగ్య కేంద్రం' అని రాయించారు. పోయిన నెల ఎక్స్‌రే బండి యార్డుకే వచ్చింది. మొహాలకి గుడ్డలు కట్టుకున్న మనుషులు ఒకరి వెనక ఒకరు ఎక్కి, ఛాతీకి ఫోటో తీయించుకుని దిగారట. ఇవాళ పొద్దున కబురొచ్చింది, భార్యను వెంటబెట్టుకుని రమ్మని. తనను కూడా రమ్మన్నారంటే ఏదో పెద్దదేనని ఆమెకు తోచింది.

డాక్టరమ్మ ఫిల్ము తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టింది.

"ఇదుగోనమ్మా, కుడి వైపు. ఈ తెల్లటిది కనిపిస్తోందా? ఇది ఇక్కడ ఉండకూడదు."

ఆమె కళ్లు చిట్లించి చూసింది. పక్కటెముకలు, వాటి మధ్య మసక మసకగా నలుపు. ఇన్నేళ్లు కాపురం చేసి, మొగుడి లోపల ఏముందో చూడటం ఇదే మొదలు.

"గడ్డా అండీ?"

"గడ్డే. పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేస్తేగానీ తేల్చి చెప్పలేను. చూస్తే మాత్రం మంచిది కాదనే అనిపిస్తోంది. మీ దగ్గర దాచి లాభం లేదు."

భర్త అప్పుడు నోరు విప్పాడు.

"అది నాది కాదు మేడమ్."

"అందరూ ముందు ఈ మాటే అంటారయ్యా," అంది డాక్టరమ్మ మెత్తగా. "నిన్న మురుక్కాలవల సెక్షన్ నుంచి వచ్చినాయనా ఇదే అన్నాడు."

"అట్లా కాదు మేడమ్, నిజంగానే..." అనబోయాడు. దగ్గు తెర అందుకుంది. మనిషి మెలికలు తిరిగిపోయాడు. ఆమె వీపు నిమురుతూ, "నువ్వుండయ్యా, ఆవిణ్ని చెప్పనీ," అని డాక్టరమ్మ వైపు తిరిగింది. ఇంట్లోంచి బయల్దేరినప్పటి నుంచీ మనసులో నలుగుతున్న మాట అడిగేసింది.

"ఉద్యోగం తీసేస్తారాండీ?"

డాక్టరమ్మ ఫిల్ము బల్ల మీద పెట్టింది. "ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, సగం మంది మా గుమ్మం తొక్కడానికే జంకుతున్నారు. తీసెయ్యరమ్మా. జబ్బని తేలితే యార్డు మాన్పించి, కూర్చుని చేసే పని ఇస్తారు. జీతం ఆగదు. వైద్యం మొత్తం ఆఫీసే చూసుకుంటుంది, ఉద్యోగికీ, భార్యాపిల్లలకీ. అందుకే కదా ఇదంతా పెట్టింది."

భర్త మెల్లగా తలెత్తాడు. "తీసెయ్యరా?"

"తియ్యరు."

ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కన్నతల్లి పోయినప్పుడు కూడా నలుగురిలో కళ్లు తడి చేసుకోని మనిషి. ఆమెకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. "ఊరుకో. తీసెయ్యరని చెప్తోందిగా. బాగవుతుంది, ఊరుకో," అంటూ చెయ్యి పట్టుకుని బయటకు నడిపించుకొచ్చింది.

బయట ఆమె తమ్ముడు తన సామాన్ల వ్యానుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. బాడుగకి వెళ్లాల్సినవాడు, అక్కాబావల్ని దింపి, మళ్లీ ఇంటికి చేర్చి వెళ్దామని ఆగిపోయాడు. బావాబావమరుదులిద్దరిదీ ఒకే ఒడ్డూ పొడుగూ. కలిస్తే చాలు, ఒకర్నొకరు ఆటపట్టించుకోకుండా ఉండరు.

"ఏమందక్కా డాక్టరమ్మ?" అన్నాడు నవ్వుతూ. "బావది వస్తాదు ఛాతీ అని మెచ్చుకుని ఉంటుందే!"

"గడ్డంటరా," అంది ఆమె. "కుడి వైపు. చెడ్డదేమోనంటున్నారు."

వాడి మొహం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

"ఎవరికి?"

"ఎవరికేంట్రా! మీ బావకి."

వాడు ఆమె వైపు చూడలేదు, బావ వైపు చూశాడు. బావ తలెత్తలేదు. వాడు వ్యాను తలుపు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

ఆమె గబగబా వాడి పక్కన చేరి తల నిమిరింది. చిన్నప్పుడు అమ్మ పనికెళ్తే వాణ్ని చంకనేసుకుని తిప్పింది తనే. "నువ్వే ఇలా అయిపోతే ఎలారా? నీకు పసిబిడ్డ ఉంది, వ్యాను తిరిగితేగానీ పొయ్యి వెలగదు, నాకు తెలుసు. అయినా నువ్వు తప్ప నాకెవరున్నారు? ఆయన్ని ఆసుపత్రులకి తిప్పాల్సింది నువ్వే."

"తిప్పుతాన్లే అక్కా," అన్నాడు వాడు. గొంతు వాడిది కానట్టుంది.

భర్త వచ్చి వాడి ముందు నేల మీద చతికిలబడ్డాడు. వాడి చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నన్ను క్షమించరా."

"ఊరుకో బావా. నువ్వేమన్నా కావాలని చేశావా?"

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "జబ్బు చేసింది నీకు. వాణ్ని క్షమించమంటావేంటయ్యా? వాడికేం చేశావు నువ్వు?"

భర్త వాడి చేతుల మీద తల ఆన్చాడు. చివరికి తమ్ముడే, అక్క మొహంలోకి చూడకుండా, మెల్లగా చెప్పాడు.

"ఉద్యోగం ఊడుతుందని బావ భయపడుతుంటే, ఆ రోజు మొహానికి గుడ్డ కట్టుకుని ఎక్స్‌రే బండి ఎక్కింది నేనక్కా."