కిటికీ కింద

కిటికీ దగ్గర మళ్లీ మెత్తగా చప్పుడైంది.

పైవాటాలో తలుపు వేసుకున్నారనుకుని అతను కాగితాల మీదికి తల వంచాడు.

అతను పుస్తకాల ప్రూఫులు దిద్దుతాడు. నాలుగేళ్లుగా ఇంట్లోనే కూర్చుని దిద్దుతున్నాడు. గడప దాటాలంటే గుబులు. ఎదుటివాళ్లు తనవైపు చూస్తే చాలు, మాట గొంతులోనే ఆగిపోతుంది. మీలోకి మీరు చూసుకోవడం తగ్గించి బయట ఏదైనా చూడండి అన్నాడు డాక్టరు.

అతను పిట్టల్ని చూడటం మొదలుపెట్టాడు.

కిటికీ గట్టు మీద గింజలు చల్లాడు. మూకుడులో నీళ్లు పెట్టాడు. పిట్టలు వచ్చాయి గాని, లోపల అతను కదిలితే తల పక్కకి తిప్పి ఒంటికన్నుతో చూసేవి. ఆ చూపుకి కూడా అతనికి గుబులే. అవి ఎగిరిపోయేవి.

అందుకని అద్దం కాగితం తెప్పించి కిటికీ నిండా అంటించాడు. లోపలినుంచి అంతా కనిపిస్తుంది. బయటినుంచి చూస్తే ఒట్టి అద్దం.

ఇక పిట్టలు జానెడు దూరంలోకి వచ్చాయి. పిచ్చుక నీళ్లు తాగి ముక్కును గట్టుకి అటూ ఇటూ తుడుచుకోవడం చూశాడు. తేనెపిట్ట తన నీడతో తానే పోట్లాడటం చూశాడు. తననెవరూ చూడకుండా ఇంత చూడగలగడం అతనికి అదే మొదలు.

మనుషులు పడనివాడికి పిట్టలు పడ్డాయని అక్క ఫోనులో నవ్వింది. నవ్వుతూనే, రెండుపూటలా తింటున్నావు కదా, అదే పదివేలు అంది.

చూసినదల్లా నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఒక మంగళవారం ఇలా రాశాడు: 'పొద్దున వచ్చిన పికిలిపిట్ట మధ్యాహ్నం తోకలో ఒక తెల్లకొస ఈక లేకుండా వచ్చింది. పిల్లి లాగేసి ఉంటుంది.' ఆ తర్వాత ఆ పికిలి రోజూ వచ్చేది. దానికోసం పెందలాడే లేచేవాడు. దిద్దిన వాక్యాలు దానికి చదివి వినిపించేవాడు.

ఈసారి చప్పుడయ్యాక ఎందుకో లేచి కిందికి చూశాడు.

వాకిలి ఊడ్చే ఆవిడ అతని కిటికీ కింద వంగి, నేలమీది పిట్టనొకదాన్ని తీసి గుడ్డసంచీలో వేసుకుంటోంది.

అతను మెట్లెలా దిగాడో అతనికే తెలియదు.

"సంచీలో ఏముంది?"

"ఏం లేదు బాబూ."

సంచీ కదిలింది.

"వండుకుంటావా, అమ్ముకుంటావా?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత తలెత్తి పైకి చూసింది. "మీ కిటికీ..." అని ఆగిపోయింది.

"నా కిటికీ దగ్గర కాపు కాస్తున్నావన్నమాట."

ఆమె సంచీ మూతి బిగించి పట్టుకుంది. "అలాగే అనుకోండి బాబూ. ఒక్క గంట ఆగండి. సంచీ ఇప్పుడు తెరవకండి."

అతను లాక్కుని తెరిచాడు. తోకలో ఈక లేదు. అతని పికిలే. అది తడబడుతూ గోడదాకా ఎగిరి, అవతలికి వాలిపోయింది. ఆమె చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఆ రోజు పుస్తకంలో 'నా పికిలిని విడిపించాను' అని రాసుకున్నాడు. తర్వాత వాటాలవాళ్ల సంఘానికి ఒక్క తప్పు కూడా లేని ఫిర్యాదు రాశాడు. మర్నాడే ఆమెను మాన్పించారు.

పికిలి మళ్లీ రాలేదు. బెదిరిందనుకున్నాడు. వారం తిరిగేసరికి తేనెపిట్టలు రావడం మానేశాయి. పిచ్చుకలు పలచబడ్డాయి. పుస్తకంలో తేదీల కింద ఖాళీలు మిగిలాయి. చప్పుడు మాత్రం రోజూ అవుతూనే ఉంది.

ఎనిమిదో రోజు అతను కిందికి దిగాడు. కొత్తగా పనిలో చేరినతను చేటలో చెత్త ఎత్తుతున్నాడు. ఎండుటాకుల మధ్య తేనెపిట్ట ఒకటి వెల్లకిలా పడి ఉంది.

"ఇదెక్కడిది?"

"మీ కిటికీ కిందే సార్. రోజూ ఒకటో రెండో. ఆ అద్దాన్ని ఆకాశమనుకుని వచ్చి కొట్టుకుంటాయి."

అతను తలెత్తాడు. ఇన్నాళ్లలో తన కిటికీని బయటినుంచి చూడటం అదే మొదటిసారి. అందులో ఆకాశం ఉంది. చెట్టుంది. వాలడానికి ఒక కొమ్మ కూడా ఉంది.

"ఆవిడ పని అప్పజెప్పేటప్పుడే చెప్పింది సార్. పడ్డవాటిని చీకట్లో గంటసేపు ఉంచితే చాలావరకు తేరుకుంటాయట. తేరుకున్నాకే వదలాలట. నాకంత తీరిక ఎక్కడిది?"

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెప్పొద్దంది. ఆ బాబుకున్న సంతోషం అదొక్కటే, దాన్నీ తియ్యొద్దంది."

ఆవిడ ఎక్కడుంటుందని అడిగాడు. ఆ కొత్తతనికి తెలియదు. ఎవరికీ తెలియదు.

"ఆవిడ పెట్టె మాత్రం మెట్ల కింద ఉండిపోయింది. పారేద్దామనుకుంటున్నా."

అదొక చెప్పుల అట్టపెట్టె. మూతకి గాలి ఆడేలా చిల్లులు పొడిచి ఉన్నాయి. లోపల మెత్తటి పాతచీర ముక్క.

విప్పితే, దాని మడతలో, పిల్లి లాగేసిందని అతను రాసుకున్న తెల్లకొస తోక ఈక ఉంది.