హవల్దార్ నమ్మిన గొంతు

“మామ, అత్త పేరు పింఛన్ కాగితంలో లేదు. పుస్తకం ఇస్తే నేను చూస్తది,” అంది ప్రణాలి.

రిటైర్డ్ హవల్దార్ శంకర్ అన్నం పళ్లెంలోంచి తలెత్తాడు. వాకిట్లో కూర్చున్న ముగ్గురు ఇరుగుపొరుగు వాళ్లకీ వినబడేలా నవ్వాడు.

“ఇన్నరా? నేను చూస్తదట! ముందుగాల తెలుగు నేర్సుకో పిల్లా, తర్వాత పింఛన్ సూద్దువు గని.”

కోడలిది చామోర్షి. పుట్టింట్లో అంతా మరాఠీ. పెళ్లయి, మహారాష్ట్ర అంచున అంతా తెలుగే మాట్లాడే అంకిసకు వచ్చి రెండేళ్లయినా తెలుగు ఇంకా నాలుకకు పట్టుబడలేదు. ఆమె తప్పు మాట్లాడినప్పుడల్లా మామ ఆ మాటను ఊరంతటికీ వినిపించేవాడు. దాంతో ఆమె నోరు తెరవడమే మానుకుంది. మాట్లాడటం లేదు కాబట్టి మొద్దు అని ఆయన తేల్చేశాడు.

ఆమె చెప్పింది మాత్రం నిజం. సైన్యంలో చేరేనాటికి శంకర్‌కు పెళ్లి కాలేదు. వారసురాలిగా తల్లి పేరు రాయించాడు. తల్లి పోయి ఇరవై ఏళ్లు. భార్య ఎల్లక్క పేరు ఇప్పటికీ ఎక్కలేదు. పోయిన వానాకాలం ఆయనకు గుండెనొప్పి వస్తే గడ్చిరోలి దాకా తీసుకెళ్లి బతికించుకున్నారు. మళ్లీ నొప్పి వచ్చి బతక్కపోతే ఆయనతోపాటే పింఛనూ పోతుంది.

“పేరెక్కిస్తే ఏమైతదయ్యా?” అంది ఎల్లక్క.

“నేనెప్పుడు సస్తనా అని సూస్తున్నరా అత్తాకోడండ్లు? నా పింఛన్ నంబర్లు కన్న కొడుక్కే ఇయ్యలే. గీ మొద్దుకిస్తనా?”

పది రోజుల తర్వాత, ఉదయం ఎనిమిదింటికి ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఆడగొంతు. తొణకని హిందీ.

“హవల్దార్ సాబ్, మీ పింఛన్ గురించి మాట్లాడాలి.”

శంకర్ గభాల్న లేచి నిలబడ్డాడు. ఫిరంగుల మోతకు ఎడమ చెవి ఏనాడో పోయింది. ఫోన్‌ను కుడిచెవికి అదుముకుని “జీ మేడం, జీ మేడం” అన్నాడు. ఏ ఆఫీసని అడగలేదు. పేరూ అడగలేదు.

“పెద్దాఫీసరు,” అన్నాడు ఫోన్ పెట్టేశాక. “మేజర్ కంటె తక్కువుండదు. గా హిందీ ఇంటెనే తెలుస్తది.”

మర్నాడు అదే వేళకు మళ్లీ ఫోన్. పింఛన్ నంబరు చెప్పాడు. పుట్టిన తేదీ చెప్పాడు. పింఛన్ వెబ్‌సైటు పాస్‌వర్డ్ కూడా చెప్పాడు, ఒక్కో అక్షరం, కవాతు చేస్తున్నట్టు.

పక్కింటి అంగన్‌వాడీ టీచర్ శోభారాణి అది విని పరుగెత్తుకొచ్చింది.

“కాకా, నీకేమన్న పిచ్చా? గిట్లనే ఫోన్లు చేసి ఖాతాలు ఊడుస్తున్నరు!”

“నీకు పోరలకు కిచిడీ పెట్టుడు తెలుసు. గదే సూసుకో.”

మూడో రోజు ఆయన ఫోన్‌కు ఆరంకెల నంబరు వచ్చింది. మేడం అది చదవమంది. కళ్లద్దాలు కనబడలేదు.

“ఓ పిల్లా, అద్దాలు తే!”

“గడ్డికి పోయింది,” అంది ఎల్లక్క.

“పని పడ్డనాడు ఎన్నడన్న ఇంట్లున్నదా అది?”

ఫోన్‌ను చేయి చాచినంత దూరం పట్టుకుని, కళ్లు చికిలించి, ఆరంకెలూ చదివేశాడు. ఎల్లక్క గుండె మీద చేయి వేసుకుంది. పేరెక్కడం దేవుడెరుగు, ఉన్నది కూడా పోయేలా ఉంది.

ఆ తర్వాత మేడం భార్యాభర్తల ఫొటో, ఆధార్‌లు, పంచాయతీ ఇచ్చిన పెళ్లి దాఖలా పత్రం కవర్లో పెట్టి సిరొంచలోని ఆన్‌లైన్ దుకాణంలో ఇప్పించమంది. శంకర్ కవరును అన్నం మెతుకులతో అంటించాడు. నమ్మకం చాలక ఇంకో కాగితం చుట్టి మళ్లీ అంటించాడు. మోయడానికి మాత్రం కోడలు పనికొచ్చింది.

“బస్సెక్కి పోయి ఇచ్చిరా. ఇప్పి సూసినవో, కాళ్లిరగ్గొడ్త. సూసినా నీకేం సమజైతది గని.”

ప్రణాలి తలూపి బస్సెక్కింది.

నెల గడిచింది. ఫోన్ టింగుమంటే చాలు, ఖాతా ఖాళీ అయిందేమోనని ఎల్లక్క ఉలిక్కిపడేది. ఆ మెసేజ్ రాలేదు. ఒక రోజు రిజిస్టర్ పోస్టులో ఉత్తరం వచ్చింది. శోభారాణితోనే చదివించాడు శంకర్. కుటుంబ పింఛన్‌కు అర్హురాలు: ఎల్లక్క, భార్య.

ఎల్లక్క ఉత్తరం పట్టుకుని గడప మీద కూలబడింది. చాలాసేపు ఏడ్చింది.

“ఏంది టీచరమ్మా, ఊడ్సిండ్రా ఖాతా?” అని శంకర్ మీసం దువ్వాడు. శోభారాణి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆయన కోడలి వైపు తిరిగాడు.

“సూసినవా? ఆడిపిల్లంటె గట్లుండాలె. నువ్వూ ఉన్నవ్, తినుడు, పండుడు. గా మేడం కాలిగోటికి సరితూగుతవా?”

ప్రణాలి కొడవలి తీసుకుని గడ్డికి బయలుదేరింది.

మేడంకు సలాం చెప్పకపోతే మర్యాద కాదనుకున్నాడు శంకర్. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. నిటారుగా నిలబడి, ఆ నంబరుకు ఫోన్ చేశాడు.

పొలం గట్టు మీద ప్రణాలి కొడవలి కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, మోగుతున్న ఫోన్ చెవికి ఆనించి “బోలియే, హవల్దార్ సాబ్” అంది.