గ్లాసులు కడిగే మనిషి

చెంప మీద దెబ్బ పడిన చప్పుడుకు హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లంతా తలలు తిప్పారు.

కొట్టింది గుర్వయ్య. కొత్తకోట దగ్గర బెంగళూరు రోడ్డు మీద పంక్చర్ దుకాణం అతనిది.

దెబ్బ తిన్నది పక్క హోటల్లో గ్లాసులు కడిగే మనిషి. ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. చెవులు వినబడవు, మాట రాదు. అందుకే కాబోలు, పేరు కూడా ఎవరూ కనుక్కోలేదు.

"నా బిడ్డ చెయ్యి ఎందుకు వట్టుకున్నవ్‌రా?"

గుర్వయ్య కూతురు నవనీతకు ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే వినబడదు. హోటల్ వెనక నీళ్ల తొట్టి దగ్గర ఆ మనిషి పక్కన కూర్చుని ఉంది. ఆ పిల్ల వేళ్లను అతను ఒక్కొక్కటే వంచుతుండగా గుర్వయ్య కంటపడింది.

ఆ మనిషి తిరగబడలేదు. పిల్లను చూపించాడు. రెండు అరచేతులూ దగ్గర చేర్చి విప్పాడు. రోడ్డు అవతలకు చెయ్యి చాపాడు.

"ఎత్తుకపోతనంటున్నవా?"

ఇంకో దెబ్బ పడింది.

హోటల్ నడిపే సావిత్రమ్మ అడ్డం వచ్చింది.

"కొట్టకు గుర్వయ్యా! నోరు లేనోడు."

"నోరు లేదని ఊకోమంటవా అక్కా? ఆడపిల్ల తండ్రిని. రేపటిసంది వీడు ఈడ కనవడొద్దు."

నవనీత తండ్రి అంగీ పట్టుకుని గుంజుతూ ఏడ్చింది. పిల్ల జడుసుకుందనుకుని ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయాడు.

తెల్లారేసరికి ఆ మనిషి లేడు. కర్నూలు దిక్కు పోయే లారీ ఎక్కాడని ఎవరో అన్నారు.

"పని ఇయ్యమని చేతులు జోడిచ్చిండు. వానికి ఇంకేం పనొస్తదని గ్లాసులు కడుగుమన్న. గా పని గూడ లేకుంట చేసినం" అంది సావిత్రమ్మ.

గుర్వయ్య పానా అందుకుని టైరు దగ్గరికి పోయాడు. కొడుతుంటే ఆ మనిషి చెయ్యైనా అడ్డం పెట్టుకోలేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా, ఆడపిల్ల సంగతి, చేసింది తప్పేం కాదని తనకు తనే చెప్పుకునేవాడు.

నవనీత సరిగ్గా తినడం మానేసింది. దగ్గరికి తీసుకోబోతే జరిగిపోయేది. రోజూ దుకాణానికి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడి చేతులు ఆడించేది. అతను అటు తిరిగి టైరు విప్పుకునేవాడు.

కొన్నాళ్లకు అతియా మేడం దుకాణానికి వచ్చింది. రోడ్డు అవతలి సర్కారు బడికి కొత్తగా వచ్చిన టీచరు. వినబడని పిల్లలకు చదువు చెప్పడం నేర్చుకున్న మనిషి.

"బిడ్డను బడికెందుకు తోలుతలేవన్నా?"

"ఒకసారి తీస్కపోయిన మేడం. వినవడని పిల్లకు ఏం చెప్తమన్నరు. నేను గూడ గట్లనే అనుకున్న. గీమెకు చదువేంది, ఇంట్ల ఉంటది తియ్యి అని."

అతియా మేడం నవనీత ముందు కూర్చుని, రెండు అరచేతులూ చేర్చి పుస్తకంలా విప్పి, బడి వైపు చూపించి వేళ్లు కదిపింది.

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. చిన్న చేతులు లేచాయి. లేచినవి ఇక ఆగలేదు.

మేడం నవ్వింది.

"పేరు చెప్తాంది అన్నా. నువ్వు టైర్లు బాగుచేస్తవని చెప్తాంది."

గుర్వయ్య చేతిలోని పానా కింద పడింది.

"మాట్లాడుతాందా? నా బిడ్డ మాట్లాడుతాందా?"

"మస్తు మాట్లాడుతాంది. వేళ్ల మీద అక్షరాలు గూడ వస్తున్నయి. ఎవరో దగ్గర కూసోవెట్టుకోని ఓపికతోని నేర్పినట్టున్నరు. మీ ఇంట్ల ఎవరికొస్తది గీ భాష?"

"ఎవ్వరికి రాదు మేడం. మా ఊళ్లె గూడ ఎవ్వరికి..."

గుర్వయ్య చూపు హోటల్ వెనక నీళ్ల తొట్టి మీద పడింది.

నవనీత తండ్రి వైపు తిరిగింది. రోజూలాగే చేతులు ఆడించింది. ఈసారి గుర్వయ్య అటు తిరగలేదు.

"ఏమంటాంది మేడం? జర చెప్పుండ్రి."

అతియా మేడం ముఖంలో నవ్వు పోయింది.

"రోజూ నిన్ను గిదే అడుగుతున్నదంట. నువ్వు చెప్తలేవంట."

"ఏమని?"

మేడం మెల్లగా చెప్పింది.

"'బాపూ, మా సారును ఎందుకు కొట్టినవ్?' అని."